వినబడితేనే నొక్కండి

బస్టాండులో నడుంలోతు నీళ్ళు నిలిచిన వరద వచ్చింది చూడండి, ఆ మరుసటి ఏడు జరిగింది ఇది. చెవుల ఆసుపత్రి గోడ మీద నీటి చార ఇంకా పోలేదు.

అతను బీఎస్సీ జువాలజీ. ఇంట్లో సరేబాబు అంటారు. ఎవరేమన్నా సరే అనేస్తాడు. డిగ్రీ చేతికొచ్చాక అక్క బీఎడ్ చెయ్యమంది. సరే అన్నాడు. స్నేహితుడు మందుల కంపెనీ బ్యాగు తగిలించుకుని డాక్టర్ల చుట్టూ తిరుగుదాం రమ్మన్నాడు. సరే అన్నాడు. బావ మాత్రల ఫ్యాక్టరీలో ఉద్యోగం మాట్లాడాడు. దానికీ సరే. సోమవారం చేరాలి. మిషన్ల మోత దగ్గర పని కనుక చెవులు బాగున్నాయని కాగితం తేవాలి.

ముగ్గురికి మాటిచ్చిన మనిషికి అన్నం సయించదు.

మంగళవారం, పరీక్ష చేసే అమ్మాయి అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చింది.

"శబ్దం ఎంత సన్నగా ఉన్నా, వినబడితే నొక్కండి. లేకపోతే ఊరుకోండి."

తలుపు వేసి, అద్దం అవతల మిషను ముందు కూర్చుంది. అతను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆమె లేచొచ్చి తలుపు తీసింది.

"ఏం వినబడిందండీ?"

"కూతలాంటిది."

"నేనింకా శబ్దం పెట్టనే లేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తప్పిపోతుందేమోనని ముందే నొక్కానండి."

"ఇలాగైతే కాగితం ఇవ్వలేను. రేపు రండి. కాస్త తిని రండి."

బుధవారమూ అంతే. గురువారం ఆమె బటన్ ఇవ్వలేదు.

"అసలు ఫ్యాక్టరీకి వెళ్ళాలని ఉందా మీకు?"

"మా బావ..."

"పరీక్ష మీ బావగారికి కాదు."

అతను ముగ్గురి సంగతీ చెప్పాడు.

"ముగ్గురికీ సరే అన్నారా? ఉన్నవి రెండు చెవులే కదండీ."

"మరి జువాలజీ చదివి ఏం చెయ్యాలండీ?"

"నేనూ అది చదివే రెండేళ్ళు తిరిగాను. ల్యాబులో రక్తాలు తీశాను. స్కూల్లో పాఠాలు చెప్పాను. అవేవీ నావి కావని తెలిశాకే ఈ వినికిడి పరీక్షల కోర్సులో చేరాను. రండి, ఒకటి చూపిస్తా."

వెనక గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. వినికిడి మిషను పెట్టుకునేవాళ్ళ చెవుల్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీస్తాడు. ఆయనకు చూపు తగ్గింది, సాయానికి మనిషి కావాలి. సరేబాబు ఒక అచ్చును వేళ్ళతో తిప్పి చూశాడు. కాలేజీలో కప్ప నరం తెగకుండా పైకి తీసిన వేళ్ళవి.

"ఈ అంచు గుచ్చుకుంటుందేమోనండి."

పెద్దాయన తడిమి చూశాడు. గరుకు కాగితం అందించాడు.

"ఫ్యాక్టరీ అంత జీతం రాదు. చేస్తారా?" అందామె.

"ఆలోచించి చెప్తానండి."

సరే అనలేదు. ఆమె అతన్ని కొత్తగా చూసింది.

శుక్రవారం చివరి పరీక్ష.

"వినబడితేనే నొక్కుతానని మాటివ్వండి."

ఇచ్చాడు. ఒక్కటీ తప్పలేదు. ఆఖరున ఆమె నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మైకు మీదికి వంగింది. చీమ నడిచినంత సన్నగా ఒక మాట వచ్చింది.

"మీరిక్కడే ఉండిపోతే నాకు బాగుంటుంది."

అతని బొటనవేలు బటన్ మీదికి వెళ్ళి ఆగింది. నిజంగా విన్నాడా, వినాలనుకుని విన్నాడా? మాటిచ్చాడు మరి. నొక్కలేదు.

ఆమె తలెత్తకుండా కాగితం రాసిచ్చింది. "చెవులు బాగున్నాయి. ఫ్యాక్టరీకి పనికొస్తారు."

ఇంటికొచ్చి చదివాడు. అడుగున, ముద్ర కింద, పెన్నుతో ఒక్క ముక్క. 'ఆఖరిది వినబడలేదు.'

అంటే ఆఖరిది ఒకటి ఉందన్నమాట.

మర్నాడు పొద్దున్నే బావకు ఫోను చేశాడు. "ఫ్యాక్టరీకి రాను బావా."

"మాట్లాడేది నువ్వేనా?" అన్నాడు బావ.

అక్కకూ స్నేహితుడికీ కూడా కుదరదని చెప్పాడు. ఆసుపత్రి తలుపులు తీసేసరికి మెట్ల మీద ఉన్నాడు. ఆమె వచ్చి మిషను ఆన్ చేసేలోపు అద్దాల గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తనే పెట్టుకున్నాడు. అది ఆన్ కాగానే బటన్ నొక్కాడు. అవతల మిషను మీద దీపం వెలిగింది.

ఆమె భుజాన బ్యాగుతోనే వచ్చి తలుపు తీసింది.

"మళ్ళీ మొదలా? నేనింకా శబ్దం పెట్టనే లేదు."

"ఇది నిన్నటిదానికండీ" అన్నాడు. బటన్ మీంచి వేలు తియ్యలేదు.