ఏడో ట్యాంకు కింద చెప్పులు

దర్జీకి వంకర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మన దర్జీ మరీను. ఎవరింటికెళ్లినా గుమ్మంలో చెప్పులన్నీ జతచేసి గాని లోపల అడుగుపెట్టడు. చుట్టాలంతా నవ్వుకునేవారు.

అనాసపండుతో వైను తీసే ఆ ఫ్యాక్టరీకి అతను రావడం ఇది రెండోసారి. మొదటిసారి తమ్ముడు రమ్మంటే వచ్చాడు. తమ్ముడిది ట్యాంకులు కడిగే పని. "ఇక్కడే ఉండన్నయ్యా, ఏడోది కడిగేసొచ్చి అంతా చూపిస్తా. ఓ గుక్క రుచి కూడా చూద్దువుగాని, వదినతో చెప్పన్లే" అని నవ్వి, నిచ్చెనెక్కి పై మూతలోంచి లోపలికి దిగాడు.

నిచ్చెన కింద వాడి చెప్పులు చెరో దిక్కుకీ పడున్నాయి. దర్జీ వాటిని తీసుకెళ్లి, గుమ్మం పక్క అరలో ముద్దుగా జతచేసి పెట్టాడు. ఫ్యాక్టరీ చూస్తూ అటు నడిచాడు.

నిచ్చెన కింద చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అక్కడి కట్టుబాటు అది. ఆ సంగతి దర్జీకి తర్వాత తెలిసింది. చెప్పులు లేవని చూసుకున్నాకే, ట్యాంకుల్లోకి రసం తోడే పంపు మనిషి పంపు వేశాడు. లోపల పులిసిన రసం వదిలిన విషగాలికి అప్పటికే సొమ్మసిల్లినవాడి మీద రసం నిండింది.

చెప్పులు తీసింది తనేనని దర్జీ ఎవరికీ చెప్పలేదు.

నెలన్నర తర్వాత ఓ మధ్యాహ్నం, ఫ్యాక్టరీ మేస్త్రి కబురంపితే మళ్లీ వచ్చాడు. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. పన్ను పీకేముందు సూదిమందు వేసిన చిగురులా ఉంది ఒళ్లంతా. ఆఫీసు గది బయట చెప్పులు విడిచాడు. తొక్కల కుప్ప మీద ఈగలు. పులిసిన తీపి వాసన. ట్యాంకుల్లో బుడబుడమని చిన్న చప్పుడు.

మేస్త్రి నోటికి తాళం ఉండదు. పంపు మనిషే పొరపాటు చేసి, ఆనక చెప్పులు అరలో దాచాడని అందరూ తేల్చారట. వాణ్ణి జైలుకు పంపడానికి ఒక్క సాక్ష్యం చాలట. సంతకం కోసం మేస్త్రి ముందుకు జరిపిన కాగితంలో ఉన్నదీ ఒక్క వాక్యమే. "ఆ రోజు చెప్పులు నిచ్చెన కింద ఉండగా చూశాను."

నిజమే. చూశాడు.

పంపు మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, చెప్పులు లేవని చూసుకునే వేశాను. ఆ రోజు మీరిక్కడే ఉన్నారు కదా. ఒక్కమాట చెప్పండి."

అతని చొక్కా గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది. దర్జీ దానివైపే చూస్తూ సంతకం పెట్టాడు. పంపు మనిషి ట్యాంకుల వైపు వెళ్లిపోయాడు.

అప్పుడు వినిపించింది. రేకు మీద బ్రష్షు తోముతున్న చప్పుడు. గర్ర్... గర్ర్...

కాసేపటికి పంపు మనిషి తిరిగొచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మేస్త్రీ, ఏడో దాంట్లోకి ఎవర్ని దింపావు?"

"దాన్ని ఆ రోజునుంచి ముట్టనే లేదురా."

"కింద చెప్పులున్నాయి."

ముగ్గురూ వెళ్లారు. తోముడు ఆగిపోయింది. నిచ్చెన కింద ఒక జత. ఒకటి ఇటు, ఒకటి అటు. కొత్తగా అట్ట వేయించిన ఎడమ మడమ... అవి దర్జీవే. ఆఫీసు గది బయట విడిచినవి.

దర్జీ చెయ్యి అలవాటుగా కిందికి సాగింది. సర్దడానికి.

ట్యాంకు లోపలినుంచి, రేకుకి పెదాలు ఆనించి అన్నట్టు...

"ఉండనీ అన్నయ్యా."

చెయ్యి ఆగిపోయింది. మిగతా ఇద్దరూ విన్నట్టు లేదు. మేస్త్రి పనివాళ్లని లెక్కపెడుతున్నాడు. అందరూ బయటే ఉన్నారు. ఎవరూ తక్కువ కాలేదు.

చెప్పేద్దామని దర్జీ నోరు తెరిచాడు. నాలుక కదల్లేదు.

నెలన్నరగా ఏమీ తెలియని ఒంటికి, పాదాల దగ్గర చల్లగా తగిలింది. వంగి చూసుకున్నాడు. నేల పొడిగా ఉంది. అతని కాళ్లు మాత్రం చీలమండల దాకా అనాస రసంతో తడిసి ఉన్నాయి.

పంపు ఆగే ఉంది.

తడి... మోకాళ్ల వైపు ఎక్కుతోంది.