పిక్క దగ్గర డొల్ల

మా వర్క్‌షాపులో కృత్రిమ కాళ్లు చేస్తాం. కార్బన్ గుడ్డను అచ్చుకి పొరలు పొరలుగా చుట్టి, జిగురు పట్టించి, వేడిలో గట్టిపరుస్తాం. జిగురులో చిటికెడు నానోట్యూబుల పొడి, అంటే కంటికి ఆనని కార్బన్ గొట్టాలు, కలిపితే పొరలు విడిపోవు, కాలు విరగదు. చూడ్డానికి కాటుకలా ఉంటుంది గానీ ఆ పొడి మహా మొండిది, ఊరికే ఉండలు కడుతుంది. నాలుగు గంటలు కలిపితే గానీ మాట వినదు.

నేను రెండు గంటలే కలిపాను. ఆ కాలు నా కూతురిది. ఏడేళ్ల పిల్ల. పాత కాలు విరిగి పది రోజులుగా ఇంట్లో పాకుతోంది. "ఎప్పుడిస్తావు నాన్నా?" అని అడగడం కూడా మానేసింది. అదే నా ప్రాణం తీసింది.

మధ్యాహ్నం కాలు అచ్చు మీంచి తీసి, అలవాటు ప్రకారం నాణెంతో తట్టుకుంటూ పోయాను. పొరలు అతుక్కున్నచోట టంగుమంటుంది, లేకపోతే డొల్లగా మోగుతుంది. పిక్క దగ్గర డొల్లగా మోగింది. అక్కడ ఉండ కట్టిందన్నమాట. మళ్లీ తట్టాను.

లోపల్నుంచి ఎవరో తట్టారు.

మెషీన్లన్నీ ఆపేశాను. జిగురు వాసన, నా ఊపిరి, అంతే. మూడుసార్లు తట్టాను. మూడుసార్లు వినిపించింది... తీరిగ్గా.

పారేయాల్సింది. పొడి అయిపోయింది, మళ్లీ రావాలంటే నెల. ఇంకో నెల పాకమని పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా చెవులే బాగాలేవని సర్దిచెప్పుకుని కాలు సంచిలో పెట్టుకున్నాను.

పిల్ల నడిచింది. గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి, నన్ను చూసి నవ్వింది. నా భార్య కళ్లు తుడుచుకుంటూ, "మీ చేతికి దండం పెట్టాలండీ," అంది. నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున కాలు ఊడి రాలేదు. సబ్బు నీళ్లు పోశాం, నూనె రాశాం. లాగితే పిల్ల ఏడుస్తోంది. కాలి తొడుగు అంచుకి పైన, పిల్ల చర్మం కింద, నల్లటి గీతలు... వెంట్రుకంత సన్నం. నిన్న లేవు. చూస్తుండగానే ఒకటి వేలెడు పైకి పాకింది.

"ఏమండీ... ఏదో ఒకటి చెయ్యండి," అంది నా భార్య.

ఆసుపత్రికి చేరేలోపు ఇవి గుండెదాకా పోతాయి. ఆ డొల్లలో ఉన్నదేదో ముందు బయటికి తియ్యాలి. రంపం తెచ్చాను. పిల్లని తల్లి ఒళ్లో పడుకోబెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"నొప్పుండదమ్మా. ఇది ఉత్త గుడ్డా జిగురూ. నేనేగా చేశాను."

రంపం ఒక్కసారి లాగాను. పిల్ల కెవ్వుమంది.

కార్బన్‌ని కోస్తే పొడి రాలుతుంది. ఇరవై ఏళ్లుగా ఊడుస్తున్నాను, నాకు తెలీదా? రంపం పళ్లకి అంటుకున్నది తడిగా ఉంది. గోరువెచ్చగా ఉంది.

తప్పంతా నాదే. రెండు గంటలు... ఇంకో రెండు గంటలు ఆగలేకపోయాను.

గీతలు నడుము దాటాయి.

"కొయ్యండి," అంటోంది తల్లి.

"వద్దు నాన్నా," అంటోంది పిల్ల.

ఆ గొంతు పిల్లదే. పెదవులు మాత్రం కదలడం లేదు...