చినగిరిపాడు మొదటి తాంబూలం

యంత్రం గుయ్యిమని తిరిగి ఆగింది. తెర మీద సున్నా పడింది.

“మళ్ళీ పెట్టమ్మా,” అన్నాడు అచ్యుతరామయ్య. ఆయన మనవరాలు హిమజ మళ్ళీ ఉమ్మి ఇచ్చింది. మళ్ళీ సున్నానే.

చినగిరిపాడులో అప్పటికే గాలిలోంచి నీళ్ళు పిండుకుంటున్నారు. ట్రాక్టర్లు వాటంతటవే దున్నుతున్నాయి. జాతరలో మొదటి తాంబూలం మాత్రం ఊరు కట్టిన గిరియప్ప వంశానికే, అంటే అచ్యుతరామయ్య ఇంటికే. మిగతా ఊరు చేతులు కట్టుకుని నిలబడాలి. మనిషి ఎంత ముందుకు పోయినా పాత చెత్తను నెత్తిన పెట్టుకునే పోతాడు.

బడిపిల్లలకు తమ వంశచరిత్ర వెతుక్కోవడం నేర్పాలని డాక్టర్ సుభాషిణి ఈ యంత్రం తెచ్చింది. పేరు రక్తరేఖ. మన ఉమ్మిలోని కణాల్లో డీఎన్ఏ ఉంటుంది, అందులో పూర్వీకుల జాడ ఉంటుంది. గిరియప్ప సమాధిలో దొరికిన పంటితో దాన్ని పోల్చి, ఎవరిలో ఆయన వాటా ఎంతో యంత్రం శాతంలో చెబుతుంది. పులుసులో ఉప్పెంతో నాలుక చెప్పినట్టే. ఎవరింట వండారన్నది దానికి అనవసరం.

ఈ ఏడు తాంబూలం అందుకోవలసింది హిమజ. ఊరందరి ముందూ రుజువు చేసి మరీ తీసుకుంటానని పట్టుబట్టిందీ ఆమే.

“మీ ఇంట్లో ఎప్పుడైనా దత్తత జరిగిందా?” అడిగింది డాక్టర్.

“మా ముత్తాతను పెంచుకున్నారు. అయితే ఏం? ఇంటిపేరు మాదేగా,” అన్నాడు అచ్యుతరామయ్య.

కుండలు చేసే ఓబులేసు వెనకనుంచి నవ్వాడు. “ఇంటిపేరుదేముంది సామీ, మా గాడిదకు పెట్టినా మోస్తుంది.”

తర్వాత ఊరంతా ఉమ్మి ఇచ్చింది. అచ్యుతరామయ్య ఇంట్లో తప్ప అందరిలోనూ గిరియప్ప ఉన్నాడు, ఓబులేసులో అందరికన్నా ఎక్కువ. కొడుకులను మాత్రమే వంశమనుకున్న ఊరు గిరియప్ప కూతుళ్ళను లెక్కలోకే తీసుకోలేదు. పెళ్ళితో వాళ్ళ ఇంటిపేరు మారింది, రక్తం మారలేదు.

హిమజ తల ఎత్తింది. “ఊరంతా ఒక ఇంటివాళ్ళేగా. ఈసారి తాంబూలం అందరికీ ఒకేసారి పంచుదాం.”

“ఇక ఈ ఊళ్ళో ముందూ వెనకా ఉండవు,” అంది సుభాషిణి. చదువుకున్నవాళ్ళ అమాయకత్వానికి మందు లేదు.

జాతరకు జనం శాతాలు అచ్చువేయించి రొమ్ముకు తగిలించుకుని వచ్చారు. అర శాతంవాళ్ళు పావు శాతంవాళ్ళను మోచేతులతో నెడుతున్నారు. అచ్యుతరామయ్య డాక్టర్ చెవిలో గొణిగాడు. “యంత్రాన్ని కాస్త సర్ది, నాకు పావు శాతమన్నా పడేట్టు చూడమ్మా.”

అందరికన్నా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఓబులేసు. తాంబూలాల పళ్ళెం పట్టుకోబోయిన హిమజను ఆపాడు.

“అమ్మాయీ, నీ శాతమెంత?”

“నీకు తెలుసుగా మామా.”

“తెలుసు. అందుకే వెనక్కి పో తల్లీ. డాక్టరమ్మా, నువ్వు పైఊరిదానివి. ఆ పిల్ల వెనక నిలబడు.”

ఇద్దరూ వెళ్ళి వరస చివర నిలబడ్డారు. పళ్ళెం వాళ్ళ దాకా వచ్చేసరికి అందులో తమలపాకుల తొడిమలు మిగిలాయి.