కురంగి కొత్త జోళ్ళు

అనగనగా శ్వేతగిరి రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. వేటకు వెళ్ళిన ముప్ఫైమందిని శీతాక్షుడనే రాక్షసుడు మంచుబొమ్మలుగా మార్చేశాడు. కొండకొమ్మున పూసే అగ్నిపద్మం తెస్తేనే వాళ్ళు బతుకుతారు. మూడోనాడు పొద్దు గుంకగానే మంచు ఒక్కొక్కరి గుండెలోకి దిగుతుంది. ముందుగా శాపం తగిలిన మాచనతోనే అది మొదలవుతుంది.

మాచన చెల్లెలు కురంగి. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లకు అన్నే లోకం. అతను కుట్టిచ్చిన మోకాళ్ళదాకా వచ్చే తోలుజోళ్ళు తొడుక్కుని కొండదారి పట్టింది. కొత్తజోళ్ళతో ఏడు రోజులు ఇంట్లో తిరిగితేగాని తోలు మెత్తబడదు. కానీ ఏడు రోజులు ఎక్కడున్నాయి?

మొదటిరోజు కనుమను కాసే తోడేలును బాణంతో తరిమింది. రెండోరోజు గడ్డకట్టిన ఏరు దాటింది. మూడోనాటి ఉదయం ఒక ముని ఎదురయ్యాడు.

"కుంటుతున్నావేం తల్లీ? కూర్చో."

"మడమ మండుతోంది తాతా, అంతే. బయల్దేరిన వేటగాళ్ళు గురి చేరేదాకా కూర్చోకూడదని మా కట్టుబాటు."

"ఆ కట్టుబాటు పెట్టినవాడికి బొబ్బలెక్కలేదు కాబోలు! ఆ తడి మేజోళ్ళు విప్పి, కాలు ఆరబెట్టుకుని, మడమకు కాస్త కొవ్వు రాయి. లోపల పల్చటి నూలు మేజోళ్ళు, పైన ఉన్నివి తొడుక్కో. రాపిడి ఆ రెండింటి మధ్యే పోతుంది. అర ఘడియ పని."

"నా కాలు మా అన్న ప్రాణం కంటే ఎక్కువా, తాతా!" అంటూ ఆ మొండిపిల్ల పరుగుతీసింది.

మధ్యాహ్నానికి బొబ్బలు చితికి జోళ్ళలో నెత్తురు చేరింది. అడుగు పడక చివరికి మోకాళ్ళమీద పాకింది. ఎలాగో పద్మం కోసుకుని వేటగాళ్ళున్న లోయకు దిగేసరికి పొద్దు గుంకింది.

పద్మం వెలుగు సోకగానే ఇరవైతొమ్మిదిమంది కళ్ళు తెరిచారు. మాచన తెరవలేదు. కురంగి పద్మాన్ని అతని గుండెకు ఆనించింది. "లే అన్నా, నేనొచ్చాను" అని ఎన్నిసార్లు పిలిచిందో!

"అమ్మా, పొద్దు గుంకి అర ఘడియైనా కాలేదే" అన్నాడొక ముసలి వేటగాడు. ఆ మాటకు కురంగి గుండె పగిలిపోయింది.

ఇరవైతొమ్మిది ఇళ్ళలో పండగ జరిగింది. రాజు కురంగిని వేటదళానికి నాయకురాలిని చేశాడు. మొదటి వేటరోజున క్రోసు నడవగానే ఆమె అందరికంటే ముందు మంచులో కూర్చుంది. జోళ్ళు విప్పుతూ భోరున ఏడ్చింది. మిగతావాళ్ళు ఆమె చుట్టూ కూర్చుని తమ జోళ్ళు విప్పుకున్నారు.