శెనక్కాయ అంచు

కొళాయి దగ్గర పక్కింటి సువర్ణ మోసుకొచ్చిన మాట ఇది. సువర్ణకు నాగలక్ష్మి చెప్పిందట. నాగలక్ష్మికి బట్టలంగట్లో పనిచేసే మరిది చెప్పాడట.

"జయరామన్న దాచిపెట్టి నేస్తాండే శెనక్కాయ అంచు చీరలు అంగట్లో మోపులు మోపులు దిగినాయంట కదిరక్కా. మరమగ్గం సరుకంట. అన్న డిజైను ఎవురికన్నా అమ్ముకున్న్యాడా ఏమి?"

బిందె నిండి పొర్లుతున్నా కదిరమ్మ చూసుకోలేదు.

ధర్మవరంలో నేతగాడు సొంతంగా కొత్త అంచు ఎక్కించాడంటే, చీర కోసి దించేదాకా మగ్గం మీద గుడ్డ కప్పే ఉంచుతాడు. బామ్మర్ది వచ్చినా ఆ గుడ్డ లేవదు. కదిరమ్మ మొగుడు జయరాముడు పెళ్లికి ముందునుంచీ షావుకార్లు ఇచ్చిన నెమళ్లూ మామిడి పిందెలే నేశాడు. ఈ వయసులో మొదటిసారి తనదంటూ ఒకటి గీసుకున్నాడు. వానల్లేక బీడుపడిన వాళ్ల నాయన చేనిలోని శెనక్కాయ చెట్టు అది. పైన పసుపు పూలు, కింద మన్నులోకి దిగే ఊడలు, ఊడల కొసన కాయలు. "ఇది ఇంకెవురి దగ్గరా లేకుంటే నేనే తీసుకుంటా. ఇంక నీకు కూలినేత అక్కర్లేదప్పా" అని షావుకారు గోవిందప్ప గీసిన బొమ్మ చూసి మాటిచ్చాడు.

ఆ గుడ్డ ఎత్తింది కదిరమ్మే.

కూతురు చంద్రికది డిగ్రీ ఆఖరి ఏడాది. అనంతపురంలో చేనేతవాళ్ల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌షిప్‌కి చేరింది. తోటి పిల్లలు సంతకం పెట్టి, ఫోన్లు చూసుకుని, సాయంత్రం బస్సెక్కేవాళ్లు. జయరాముడు మాత్రం మొదటిరోజే కూతుర్ని కూర్చోబెట్టి చెప్పాడు: "కాగితం కోసరం పోవద్దు పాపా. పని అడిగి తీసుకో. అడగనోళ్లకి ఎవురూ ఏమీ నేర్పరు."

చంద్రిక అడిగింది. సోమందేపల్లె, గోరంట్ల తిరిగి నేతగాళ్ల బాధలు విని వచ్చింది. వీడియోలు తీయడం, వాటిని అతికి కూర్చడం నేర్చుకుంది. అక్కడి మేడం కూడా మెచ్చుకుంది. "ముగిసేలోపు నీదంటూ ఒకటి చేసి చూపించు. ఇక్కడ ఉద్యోగానికి నీ పేరే చెప్తాను" అంది.

జయరాముడు బుక్కరాయసముద్రంలో ఒక చావుకు పోయిన రోజు, చంద్రిక ఫోను పట్టుకుని మగ్గం గుంట దగ్గర నిలబడింది.

"ఒక్క నిమిషమేమ్మా. ఇట్లాంటి అంచు వేసినోడు మా నాయనే అని లోకానికి తెలియల్ల."

ఆ మాటకు కదిరమ్మ గుండె పొంగింది. గుడ్డ తనే తీసింది. వెలుతురు చాలదని కిటికీ కూడా తెరిచింది.

ఇప్పుడు ఖాళీ చేతులతో కొళాయి నుంచి ఇంటికొచ్చేసరికి జయరాముడు చాప మీద ఒక చీర పరిచి కూర్చున్నాడు. గోవిందప్ప ఇచ్చి పంపిన మరమగ్గం చీర. ఆదివారం కాబట్టి చంద్రిక కూడా ఇంట్లోనే ఉంది.

"చూడే" అన్నాడు.

"ఎవురో నీ మాదిరే అనుకున్న్యారేమో..." అంది కదిరమ్మ.

"నా మాదిరే అనుకున్న్యారు సరే. నేను చేసిన తప్పు కూడా చేసినారా?"

అంచు మీద వేలు పెట్టాడు. శెనక్కాయ రెమ్మకుండే నాలుగాకుల్లో ఒకటి తలకిందులుగా ఉంది. డిజైను అట్టలకు చిల్లులు కొట్టించేటప్పుడు జరిగిన పొరపాటది. మగ్గం ఎక్కాక గానీ కంటపడలేదు, పోనీలెమ్మని వదిలేశాడు. ఎవరో మరమగ్గం మీద లాగించిన ఈ చీరలోనూ ఆ ఆకు అట్లే తలకిందులుగా ఉంది.

చంద్రిక వంగి ఆ ఆకు చూసింది. "నాయనా, నేను మా సంస్థ పేజీలో వీడియో పెట్టినా. నీ పేరు కూడా వేసినా. నీకు మంచి జరుగుతాదని..."

"గుడ్డ ఎత్తినావా?"

"నేను ఎత్తినా" అంది కదిరమ్మ. "పాపనేమీ అనొద్దు."

జయరాముడు భార్య వైపు తిరిగాడు. "అది చిన్నపిల్ల, దానికి తెలీదనుకుందాం. ఈ గుంట పక్కన కూచోని ఇన్నేండ్లు పోగులు అతికినావే. నీకు నేను చెప్పల్లనా?"

కొట్టినా బాగుండేది అనిపించింది కదిరమ్మకు.

చంద్రిక మేడంకి ఫోను చేసింది. ఆ గొంతు గదంతా వినబడింది. "అయ్యో, ఇప్పుడే తీసేయిస్తాను చంద్రికా. పాపం మీ నాన్నగారు. కానీ ఎంతమంది చూశారో తెలుసా? మన పేజీలో ఇంతవరకూ దేనికీ ఇంత రాలేదు. నీ రిపోర్టులో తప్పకుండా రాయి."

చంద్రిక ఫోను కట్ చేసింది.

"గోవిందప్ప ఏమన్న్యాడు?" కదిరమ్మ అడిగింది.

"ఏమంటాడు? ఊరంతా కట్టే చీర నాకెందుకప్పా అన్న్యాడు. నెమళ్లు నేసుకోమన్న్యాడు."

చంద్రిక నాయన కాళ్ల దగ్గర కూలబడింది. "నేనింక పోను నాయనా. ఆ ఇంటర్న్‌షిప్పూ వద్దు, ఉద్యోగమూ వద్దు."

"పో. నేనే గదా పొమ్మంటి" అంటూ జయరాముడు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "ఇంకొకరింట్లో గుడ్డ ఎత్తేముందర మగ్గమాయన్ని అడగల్లని ఆ మేడంకి చెప్పు. అదన్నా నేర్చుకోని రా."

చంద్రిక ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. ఆయన చెయ్యి లాక్కోలేదు. ఓదార్చనూ లేదు.

సాయంత్రం మళ్లీ గుంటలోకి దిగాడు. ఎక్కించిన చీర ఇంకా సగం మిగిలే ఉంది. దించాలి కాబట్టి నేశాడు. తలకిందులైన ఆకు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ పోగు మోసే నాడె ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలేది. దీపాలవేళకు లేచి బయటకు పోతుంటే, కదిరమ్మ మూలన పడున్న గుడ్డ తీసి దులిపింది. చంద్రిక రెండో కొస పట్టుకుంది.

"కప్పేదా?" అడిగింది కదిరమ్మ.

జయరాముడు గడపలో ఆగాడు.

"దేనికే? చూడాల్సినోళ్లంతా చూసిపోయినారు గదా."