కొలిమి విన్న మాట

2078 నాటికి విశాఖలో క్యాన్సర్‌కు కత్తి పట్టే డాక్టర్లు దాదాపు లేరు. ఒంట్లో వేడి చేసిందంటే చాలు మజ్జిగ తాగమని అడక్కుండానే సలహాలిచ్చే మనవాళ్లు, ఇప్పుడు కడుపులో వేడి పెట్టించుకోవడానికి వరుసలో కూర్చుంటున్నారు. ఆ యంత్రం పేరు కొలిమి. రోగి మింగిన ఇనుపనలుసులు, అంటే ఐరన్ నానో పార్టికల్స్, క్యాన్సర్ కణాలకు మాత్రమే అంటుకుంటాయి. బయట తిరిగే అయస్కాంత క్షేత్రం వాటిని కాగబెడుతుంది. నలభై ఆరు డిగ్రీల దగ్గర కాసేపు నిలబెడితే గడ్డ చస్తుంది.

కొలిమిని తయారుచేసిన డాక్టర్ వరహాలమ్మ సొంత అన్న పైడిరాజు కడుపులో మాత్రం గడ్డ చావలేదు. రెండుసార్లు కాల్చినా మిగిలింది. సగం కాలిన కణాలు హీట్ షాక్ ప్రొటీన్లతో వేడికవచం తొడుక్కుంటాయి. మూడోసారీ మిగిలితే ఇక ఏ వేడీ వాటిని ఏమీ చేయలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అన్న చూస్తాడని యంత్రం మీద విరుచుకుపడింది.

"మధ్యలో వేడి ఎందుకు తగ్గించావు?"

"ఆయన 'అమ్మా' అన్నారు డాక్టర్," అంది కొలిమి. "ఆ మాట వినపడితే తగ్గించాలని నేర్చుకున్నాను."

"ఎవరు నేర్పారు నీకు?"

"మీరే. మొదటి రోగులకు మీరు చేత్తో మీట తిప్పి వేడి పెట్టారు. ఆ మాట వినపడినప్పుడల్లా మీ చెయ్యి మీటను వెనక్కి తిప్పేది. వాళ్ల గడ్డలు చిన్నవి, తగ్గించినా చచ్చాయి."

"అయితే చెవి మూసుకో."

"గుండె చప్పుడు వినేదీ ఈ చెవితోనే. మూస్తే నేను నడవను."

చేత్తో తిప్పే మీట ఎప్పుడో తీసేశారు. ఆ అలవాటు మాన్పించాలంటే నెలలు పడుతుంది. అన్నకు అన్ని నెలలు లేవు. మత్తిద్దామంటే ఆయన గుండె తట్టుకోదు. వరహాలమ్మ తల పట్టుకుని కూలబడింది.

పైడిరాజు అంతా విన్నాడు.

"ఆ మాటేగదేటి? నానన్ను లేవే. తువ్వాలియ్యి, నోట్లో కుక్కుకుంతాను."

మూడోసారి వేడి ఎక్కింది. పైడిరాజు మెడనరాలు తేలాయి, కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి. కిక్కురుమనలేదు. వరహాలమ్మ అతని చెయ్యి పట్టుకుని తెర వైపు చూస్తూ నిలబడింది. నలభై ఆరు. గడ్డ అంచులు నల్లబడుతున్నాయి. ఇంకొంచెం సేపు ఓర్చుకుంటే చాలు.

అంతలో అన్న ఒళ్లంతా మెలి తిరిగింది. తువ్వాలు మీద నెత్తురు కనిపించింది.

"అమ్మా!"

ఆ కేక తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు వెంటనే తెలియలేదు. తెర మీద అంకె దిగిపోతోంది.

"వద్దు! పెంచు! అన్నది నేను, ఆయన కాదు!"

"ఎవరు అన్నా తగ్గించడమే నేర్చుకున్నాను డాక్టర్, మళ్లీ పెంచడం నేర్చుకోలేదు," అంది కొలిమి.

నొప్పిలో ఆ కేకలేవీ చెవిన పడని పైడిరాజు, మంట తగ్గడంతో పనైపోయిందనుకుని నోట్లోంచి తువ్వాలు తీసేశాడు. ముఖం వెలిగిపోతోంది.

"సూసావా, నానొక్కపాలి కూడా అన్లేదు. గడ్డ సచ్చిందా, సెల్లీ?"