సగంలో ఆగిన పువ్వు

డ్యూటీకి వెళ్లేముందు చిన్నది ఎప్పటిలాగే పుట్టింట్లో అడుగుపెట్టింది. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని ఆమెది. ముందుగదిలో అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఎంత బతిమాలినా, ఉన్న ఎడమచెయ్యి కూడా కదపదు. వారం నుంచి మనుషుల వైపు చూడటం కూడా మానేసింది.

గుమ్మం దాటిన చిన్నది కొయ్యబారిపోయింది. కుట్టుమిషన్ ముందు కూర్చున్న అక్క ఒళ్లో, ఉంగరాలు తిరిగిన నీలం ఊలు కుప్ప. అమ్మ కుప్పకూలిన రోజు ఆమె చేతిలో సగం అల్లి ఉన్న ఊలు పువ్వు అది. దాన్ని క్రోషే సూదితో సహా అమ్మ మంచానికి ఎదురుగా ఉన్న అద్దాల బీరువాలో దాచింది చిన్నదే.

"అక్కా, ఏం చేశావిది?"

"విప్పాను."

"నీకు చేతులెలా ఆడాయి! అమ్మ అల్లినవాటిలో మనకి మిగిలింది అదొక్కటే. మిగతావన్నీ జనం కొనుక్కుని బొకేల్లో పెట్టుకుపోయారు!"

"అరవకు, అమ్మ వింటుంది."

"విననీ! పెద్దకూతురి నిర్వాకం తెలియనీ!"

అక్క గొంతు తగ్గించింది. "రోజంతా ఆ పువ్వు వైపే చూసేదే. ఇప్పుడు అదీ లేదు. పూర్తిచేసి చేతిలో పెడితే మళ్లీ మనిషవుతుందని ఆశపడ్డాను. ఎలా అల్లాలో ఎక్కడైనా రాసిపెట్టిందా మహాతల్లి? విప్పుతూ ఒక్కో ముడీ లెక్క రాసుకోవాలి. ఇంకేం దారుంది చెప్పు?"

నిజమే. కాగితం, కలం అంటే అమ్మకి ఒళ్లుమంట. అంతా నా బుర్రలో ఉంది పొమ్మనేది.

"అయితే అల్లు మరి. ఏదీ, చూపించు!"

అక్క తల దించుకుంది. మళ్లీ అల్లితే రేకలు కుదిరాయి. వాటి అంచున తిరిగే సుడి మాత్రం రాలేదు. విప్పేటప్పుడు అక్కడ దారం సర్రున జారిపోయి లెక్క తప్పింది.

ఆ మాట వినగానే చిన్నది ఒంటికాలి మీద లేచింది. "చాలు! ఈ సాయంత్రమే అమ్మని మా ఇంటికి తీసుకుపోతా. నీ దగ్గరుంచితే ఇంకేం విప్పుతావో!"

"తీసుకుపో! మూడు నెలలుగా పక్క మార్చింది నేను. నువ్వు పావుగంట కూర్చుని కళ్లు తుడుచుకుని పోతావు. మొదట్నుంచీ అంతే. పనికి నేను, ఒళ్లో నువ్వు!"

"అవును, ఒళ్లోనే పెరిగా! జోకొడుతూ పాడేది కూడా. నీకు పాడిందా ఎప్పుడైనా?" చిన్నది ఉక్రోషంతో, ఏడుస్తూ అప్పజెప్పేసింది. "అయిదు మెట్లెక్కి ఆగు, రెండు గుమ్మాలొదిలి దూరు, మూడు చుట్లు చుట్టుకుని, ముద్దులమ్మా బయటికి రా!"

అక్క మొహం మారిపోయింది. "మళ్లీ అను."

"వెక్కిరిస్తున్నావా?"

"అనవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

చిన్నది మెల్లగా చెబుతుంటే అక్క సూది పట్టింది. అయిదు గొలుసు ముడులు వేసింది. రెండు కన్నాలు వదిలి మూడోదాంట్లో దూర్చింది. మూడుసార్లు దారం చుట్టి లాగింది. రేక అంచు ముద్దుగా సుడి తిరిగింది.

"జోలపాట కాదే పిచ్చిదానా! నిన్ను ఒళ్లో వేసుకుని లెక్క పెట్టుకునేది!"

చిన్నది మొహం పాలిపోయింది. "అంటే... నాకోసం పాడలేదా?"

ఆ ప్రశ్నకి అక్క కోపమంతా దిగిపోయింది. చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "లెక్క మనసులో పెట్టుకోవచ్చుగా. నీకోసమే పాట కట్టి ఉంటుంది. ఊఁ, చెప్పు, ఇంకో రేక వేద్దాం."

చిన్నది ముక్కు చీదుకుంది. "అయిదు మెట్లెక్కి ఆగు... మూడు గుమ్మాలొదిలి..." సూది మూడు కన్నాలు దాటేసింది.

"త... ప్పు."

అక్కాచెల్లెళ్లిద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. అమ్మ గోడవైపు తిరిగి లేదు. వాళ్లవైపే చూస్తోంది. వంకరపోయిన పెదవులు వణుకుతున్నాయి. ఎడమచెయ్యి దుప్పటి మీంచి లేచింది. రెండు వేళ్లు చూపించింది.

"తప్పు!" ఈసారి విసుగ్గా అంది.

"రెండేనమ్మా, రెండే!" చిన్నది మంచం మీద వాలిపోయి బావురుమంది. అక్క కూడా ఏడుస్తూనే, అమ్మ చూస్తుండగా, ఆ తప్పు ముడిని విప్పేసింది.